కోరిక లేని ఒక్క ప్రదక్షిణ

హైదరాబాద్ శివార్లలో, ఉస్మాన్‌సాగర్ ఒడ్డున చిలుకూరు బాలాజీ గుడి ఉంది. కోరిక ఉన్నవాళ్లు అక్కడ 11 ప్రదక్షిణలు చేస్తారు. తీరాక మళ్లీ వచ్చి 108 చేసి మొక్కు చెల్లిస్తారు. అమెరికా ప్రయాణాల పుణ్యమా అని స్వామికి 'వీసా బాలాజీ' అన్న పేరూ వచ్చింది. ఇన్ని కోరికలు వినే ఆ గుడిలో హుండీ మాత్రం లేదు!

వీసా వచ్చింది, 108 పూర్తయ్యాయి. తర్వాత గ్రీన్‌కార్డు, ఆపైన ఇల్లు, కారు... మళ్లీ 11తో మొదలు. మరి తృప్తి ఎప్పుడు?

భక్తి ఉన్నవాళ్లకి ఆశ ఉండకూడదా? అలాగని ఎవరూ అనలేదు. పురుషార్థాల్లో ధర్మ, మోక్షాలతో పాటు అర్థ, కామాలకీ పెద్దలు చోటిచ్చారు. చిక్కల్లా వస్తువే సుఖం అనుకున్నప్పుడు వస్తుంది. అమెరికా పరిశోధకులు జేమ్స్ బరోస్, ఆరిక్ రిండ్‌ఫ్లైష్ 2002లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతే చెప్పింది. కుటుంబానికీ, మతానికీ గట్టిగా విలువిస్తూనే వస్తువుల మీద మోజు పెంచుకున్నవాళ్లలో మానసిక సంఘర్షణ ఎక్కువట. మనసులో ఒక గొంతు 'చాలు' అంటుంది, మరొకటి 'ఇంకా' అంటుంది. మధ్యలో నలిగేది మనిషే.

పోనీ, క్రమం తప్పకుండా ప్రార్థనకు వెళ్తే సరిపోతుందా? చేయూన్ లిమ్, రాబర్ట్ పట్నమ్ అమెరికన్ల మీద జరిపిన అధ్యయనం 2010లో వెలువడింది. ప్రార్థనకు వెళ్లేవాళ్లలో తృప్తి ఎక్కువే కానీ, అందుకు ముఖ్య కారణం అక్కడ దొరికే స్నేహితులని తేలింది. ఒంటరిగా వెళ్లి ఒంటరిగా వచ్చేవాళ్లకి ఆ లాభం కనిపించలేదు.

ఈ రెండు ముక్కలూ మన ఆచారాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. కాశీ వెళ్లినవాళ్లు ఇష్టమైన కూరో, పండో వదిలేసి వస్తారు. తిరుమలలో తలనీలాలిస్తారు. భజన, అన్నదానం నలుగురూ కలిస్తేనే అవుతాయి. అక్షయ తృతీయనాడు చేసిన దానానికి తరగని ఫలం ఉంటుందన్నది పాతమాట. ఇప్పుడా రోజు బంగారం కొట్లముందు బారులు!

ఈసారి గుడికి వెళ్లినప్పుడు కాసేపు అన్నదానంలో వడ్డించండి. పక్కనున్నవాళ్లని పలకరించండి. వచ్చేముందు పిల్లలతో కలిసి ఒక్క ప్రదక్షిణ... ఏమీ అడగకుండా, ఉన్నవాటిని తలచుకుంటూ చేయండి. దానికి మొక్కు బాకీ ఉండదు.