స్పానిష్‌కు తెలుగు దారి దగ్గర

ఒక సెమిస్టర్ చదువుకని స్పెయిన్‌లోని గ్రనడా వెళ్లినప్పుడు నాకు వచ్చిన స్పానిష్ రెండు ముక్కలే. పాఠాలు ఇంగ్లిష్‌లో సాగిపోయాయి. లేజర్ అమర్చే టెక్నీషియన్‌కు మాత్రం ఇంగ్లిష్ రాదు. ఆయన చెప్పే జాగ్రత్తలు సగమే అర్థమైనా తల ఊపేదాన్ని. లేజర్ దగ్గర అది ప్రమాదం.

సాయంత్రం భాషా తరగతికి వెళ్లాను. 'మే గుస్తా ఎల్ కఫే' దగ్గర వారం ఆగిపోయాను. 'ఐ లైక్' అనుకుంటూ ఇందులో 'నేను' ఎక్కడుందా అని వెతికాను. అసలు లేదు! 'మే' అంటే 'నాకు'. నాకు కాఫీ నచ్చుతుంది. నచ్చేవి ఎక్కువైతే 'గుస్తాన్', అంటే నచ్చుతాయి. 'వస్తాను' అన్నప్పుడు 'నేను' అక్కర్లేనట్టే 'వెంగో' అంటే చాలు. 'త'ను కూడా 'ట' చేయకుండా మనలాగే పలుకుతారు.

బల్ల స్త్రీలింగం ఎందుకైందో తెలుగు చెప్పదనుకోండి. గ్రనడావాసులు మాట చివరి 'స్'ను మింగేస్తారని నా పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

స్పెయిన్‌కో, చిలీ అబ్జర్వేటరీలకో వెళ్లే మన సైన్స్ విద్యార్థులకు స్పానిష్‌ను ఇంగ్లిష్ మీదుగా తిప్పి నేర్పడం చుట్టుదారి. హైదరాబాద్ ఇఫ్లూలో స్పానిష్ బోధిస్తున్నారు. ప్రయాణానికి ముందు రెండు నెలలు, తెలుగులో వివరిస్తూ, ప్రయోగశాల మాటలతో ఒక కోర్సు అక్కడే మొదలుపెట్టవచ్చు. మొదటి పాఠం లేజర్ జాగ్రత్తలే కావాలి.