ఇల్లు చూసే ముందు నీరు చూడండి

2022 ఏప్రిల్ 4న ఏలూరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది; తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది. ఈ ఊళ్లకు బదిలీపై వచ్చే కుటుంబాలు శివారు కాలనీల్లో బడి, బస్సు, అద్దె చూసుకుంటాయి. వాటికన్నా ముందు చూడాల్సింది నీరు. తమ్మిలేరు, బుడమేరు వాగులు కొల్లేరు సరస్సులోకే దిగుతాయి. అక్కడి నుంచి సముద్రానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. అది పూడుకుపోతే పల్లపు ప్రాంతాలకే ముంపు. తాగునీటి సంగతీ అంతే ముఖ్యం. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛలతో ఆస్పత్రి పాలయ్యారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. ఇక ముంపు సంగతికొస్తే, పల్లంలో స్థలం చవక, మెరక చేసుకుంటే చాలదా అంటారు కొందరు. గడప తడవకపోవచ్చు, వీధిలో మోకాలి లోతు నీళ్లుంటే పిల్లలు బడికెలా వెళ్తారు? అడ్వాన్సు ఇచ్చేముందు పాత ఇళ్ల గోడలపై వరద చార ఎంత ఎత్తుందో చూడండి, కుళాయి నీరెక్కడిదో ఇరుగుపొరుగును అడగండి.