పుట్టుకే నేరమా?

ఒక మనిషి చేసిన తప్పుకు జాతి మొత్తాన్ని బోనెక్కించడం ఏ న్యాయం? 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ జాతుల చట్టం చేసిందదే. ఊరూరా ఉప్పు, ధాన్యం అమ్ముకుని బతికిన ఎరుకల జాతివారి పొట్టకొట్టినవి రైళ్లు, సర్కారు ఉప్పు విధానం. నేరస్థులన్న పేరు మాత్రం వారికే వచ్చింది. బాపట్ల సమీపంలో వారిని ఉంచిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ ఆజమాయిషీ కింద వేళకు హాజరు పలకాల్సి వచ్చేది, పొలిమేర దాటాలంటే పాసు చూపాల్సి వచ్చేది.

తప్పు అనేది చేసిన పనిలోకన్నా సమాజం వేసే ముద్రలోనే ఉంటుందని సామాజికవేత్త హోవర్డ్ బెకర్ 1963లో వాదించారు. ఆ మాటకు ఇంతకన్నా రుజువేం కావాలి?

చట్టం 1952లో రద్దయినా, ‘అలవాటుపడిన నేరస్థులు’ అన్న పేరుతో పాత అనుమానమే కొత్త చట్టాల్లో చేరింది. పాత చట్టం ముద్ర నుంచి బయటపడ్డ ‘విముక్త జాతుల’ను ఆ గాటన కట్టే జైలు నిబంధనలు చెల్లవని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో తేల్చిచెప్పింది. జైళ్లతోనే సరిపెట్టకూడదు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఈ జాతుల పేటల తలుపే తట్టే అలవాటును పోలీసులు మానాలి. నిఘాకు ఆధారం సాక్ష్యం కావాలి, కులం కాదు.