నడుం నొప్పి... నడుముదే కాకపోవచ్చు!

అరవై దాటాక నడుం నొప్పి వస్తే ‘వయసు మీద పడింది కదా’ అని సరిపెట్టుకోవటం మామూలే. మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని నెలల తరబడి మింగేవారూ ఉన్నారు. చాలామందిలో అది అరుగుదల వల్ల వచ్చే నొప్పే. కానీ నొప్పి తగ్గకపోగా నీరసం, రక్తహీనత, తరచూ ఇన్‌ఫెక్షన్లు కూడా తోడైతే మాత్రం మైలోమా ఉందేమో చూడాలి.

ఏమిటిది?

ఎముకల్లోని మూలుగలో ప్లాస్మా కణాలుంటాయి. సూక్ష్మక్రిములతో పోరాడే యాంటీబాడీలను తయారుచేసేవి ఇవే. వీటిలో ఒకటి గాడి తప్పి, తనలాంటి వాటినే పుట్టించుకుంటూ పోతే అవన్నీ ఒకే రకం ప్రొటీన్‌ను రక్తంలోకి వదులుతాయి. దీన్ని ‘ఎం ప్రొటీన్’ అంటారు. ఇది కనిపించిన ప్రతివారికీ క్యాన్సర్ ఉన్నట్టు కాదు.

రకాలు

* ఎంగస్: ఎం ప్రొటీన్ డెసిలీటరు రక్తంలో 3 గ్రాముల లోపు, మూలుగలో ప్లాస్మా కణాలు 10 శాతం లోపు ఉంటాయి. ఏ అవయవానికీ హాని ఉండదు. సగటున ఏటా వందలో ఒకరికి మాత్రమే ఇది ముదురుతుంది. మందులక్కర్లేదు, క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకుంటే చాలు.

* స్మోల్డరింగ్ మైలోమా: నివురుగప్పిన నిప్పు లాంటిది. ప్రొటీన్ గానీ, కణాలు గానీ ఆ హద్దు దాటినా లక్షణాలుండవు. తొలి ఐదేళ్లలో ఏటా వందలో పదిమందికి ఇది మైలోమాగా మారొచ్చు. అందుకే దీన్ని మరింత దగ్గరగా గమనిస్తుంటారు.

* మల్టిపుల్ మైలోమా: ఎముకలు గుల్లబారతాయి, రక్తంలో క్యాల్షియం పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, రక్తం తగ్గుతుంది. వీటిలో అన్నీ ఉండాలనేం లేదు. ఎక్కువగా కనిపించేది ఐజీజీ రకం, తర్వాత ఐజీఏ. లైట్ చెయిన్ రకంలో కిడ్నీల ముప్పు ఎక్కువ.

* వాల్డెన్‌స్ట్రామ్: స్వీడన్ వైద్యుడు యాన్ వాల్డెన్‌స్ట్రామ్ 1944లో వివరించిన జబ్బు. ఇందులో ఐజీఎం పెరిగి రక్తం చిక్కబడుతుంది. తలనొప్పి, చూపు మసకబారటం, ముక్కులోంచి రక్తం కారటం ఉండొచ్చు.

* ఏఎల్ అమిలాయిడోసిస్: లైట్ చెయిన్లు పేరుకుపోయి గుండె, కిడ్నీల వంటి అవయవాలను బిగదీస్తాయి.

పరీక్షలు, చికిత్స

హిమోగ్లోబిన్, క్యాల్షియం, క్రియాటినిన్‌లతో పాటు సీరం ఎలక్ట్రోఫోరెసిస్, ఫ్రీ లైట్ చెయిన్ పరీక్షలు కీలకం. మూత్రాన్ని స్ట్రిప్‌తో పరీక్షించి ‘ప్రొటీన్ లేదు’ అంటే సరిపోదు. అది ప్రధానంగా అల్బుమిన్‌నే పట్టుకుంటుంది, లైట్ చెయిన్లు దాటిపోవచ్చు. అవసరమైతే మూలుగ పరీక్ష, స్కానింగ్ చేస్తారు.

మైలోమాను పూర్తిగా నయం చేయటం ఇప్పటికీ కష్టమే. అయినా బోర్టెజోమిబ్, లెనాలిడోమైడ్, డారాటుముమాబ్ వంటి మందులతో, తగినవారికి సొంత మూలకణాల మార్పిడితో చాలామందిలో ఏళ్ల తరబడి అదుపులో ఉంచొచ్చు.

ఇవి మరవొద్దు

మైలోమా ఉన్నవారు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకుంటే కిడ్నీలు మరింత దెబ్బతింటాయి. నడుం నొప్పితో పాటు కాళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వెన్నుపాము నొక్కుకుపోతే ప్రతి గంటా విలువైనదే.