కారే ఇంటికి నాలుగు సంతకాలు

తాతయ్య పోయింది 2024 మార్చిలో. ఇల్లు కారడం మొదలైంది అదే ఏడు సెప్టెంబరులో.

ఆ వాన గుర్తుందిగా? సెప్టెంబరు 1న ఐతవరం దగ్గర మున్నేరు హైవే ఎక్కేసి, హైదరాబాద్-విజయవాడ బళ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నందిగామ పక్కనే మా ఊరు. తాతయ్య పెంకుటింట్లో నాయనమ్మ మంచం పక్కనే ధార. వాసాలకి చెద, దూలం ఒక పక్క కుంగింది. ప్రస్తుతానికి పైన పట్టా కప్పించాం.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. “మేస్త్రిని పిలవండి, డబ్బులు నేను పంపుతా” అన్నాను హీరోలాగా.

వెంటనే మూడు ఫోన్లు. డల్లాస్‌లో ఉన్న బాబాయ్ కొడుకు: “ప్రొబేట్ అయ్యేదాకా ఇంటి మీద చెయ్యి వెయ్యొద్దు అన్నయ్యా.” బాబాయ్: “రిపేరు మొదలెట్టేముందు మీ అత్తయ్య చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించు. నీ మాటైతే కాదనదు.” జగ్గయ్యపేటలో ఉండే మేనత్త మాత్రం ఒకటే అడిగింది: “ఏరా, ఇల్లు నీ పేరున రాయించుకుంటున్నావంటగా?”

రాత్రంతా నిద్ర పట్టలేదు. శనివారం నందిగామలో ఒక లాయరుగారి దగ్గర కూర్చున్నాను.

“వీలునామా ఉందా?”

“లేదండీ.”

“మరింక ప్రొబేట్ ఎక్కడిది? అది వీలునామాని కోర్టు ఖాయం చెయ్యడం. మన వైపు తప్పనిసరి కాదు.”

వారసత్వ ధ్రువపత్రం అంటారే, అది తాతయ్య బ్యాంకు డబ్బులకీ బాండ్లకీ తప్ప ఇంటికి కాదట. మాకు కావాల్సింది తహశీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, తర్వాత అందరూ కలిసి రిజిస్టర్ చేసుకునే భాగపరిష్కార పత్రం. ఇంటిపన్ను రసీదులో పేరు మారినంత మాత్రాన ఇల్లు ఎవరిదీ అయిపోదు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఇల్లు తాతయ్య సొంత జీతంతో కట్టింది. కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం నాయనమ్మ, నాన్న, బాబాయ్, అత్తయ్య... తలా పావు వంతు. మరి నాది?

“మీ నాన్నగారు ఉండగా మీకేముంటుంది బాబూ? సున్నా.”

డబ్బు పెడతానన్న నాకు వాటా లేదు. అనుమానంగా అడిగిందని నేను నొచ్చుకున్న అత్తయ్యకి పావు వంతుంది. ఆవిడ అడిగిన దాంట్లో తప్పేముంది?

లాయరుగారు చెప్పింది మీకూ పనికొస్తుంది. ఇల్లు నిలబెట్టే రిపేరు వేరు, ఇల్లు మార్చే పని వేరు. కారే కప్పు, కుంగిన దూలం, పాడైన వైరింగు ఆపకూడదు. కొత్త గది, పైన స్లాబు లాంటివి పంపకాలయ్యాకే. పని మొదలెట్టకముందే ఫొటోలు తియ్యాలి, బిల్లులు దాచాలి. వాటాదారులందరి సంతకాలతో ఒక కాగితం ఉండాలి: ఎవరెంత పెడుతున్నారు, అది ఊరికే ఇచ్చిందా, పంపకాల్లో లెక్క చూసుకునేదా అని. అది లేకపోతే రేపు భాగాల దావా పడ్డప్పుడు ఆ ఖర్చు తిరిగొస్తుందన్న భరోసా లేదు.

ఆదివారం జగ్గయ్యపేట వెళ్లాను. బాబాయ్ పంపిన విడుదల పత్రం ప్రింట్ తియ్యలేదు. అత్తయ్య కాఫీ ఇచ్చింది గానీ నా మొహం చూడలేదు. లెక్కంతా చెప్పాను, నా సున్నాతో సహా.

కాసేపు ఏమీ అనలేదు. “వాటా నాకొద్దని చెప్పమని పంపారా నిన్ను?”

“పంపారు. నేను అడగను అత్తయ్యా.”

“అయితే నేనూ చెప్పను. ఖర్చులో కూడా పావు వంతు నాదే. ఒక్కసారి ఇవ్వలేను, నెలనెలా ఇస్తా. అది కూడా కాగితంలో రాయి.”

రాశాను. నాయనమ్మ, నాన్న, అత్తయ్య సంతకాలు పెట్టారు. బాబాయ్ పదిరోజులు నానబెట్టి, మళ్లీ మబ్బు పట్టాక పెట్టాడు. దూలం మారింది, పెంకు మొత్తం దించి మళ్లీ వేశారు. పంపకాలు ఇంకా కాలేదు. బాబాయ్ నాతో సరిగ్గా మాట్లాడటమూ లేదు.

అత్తయ్య మాత్రం ప్రతినెలా 5న ఫోన్‌పేలో డబ్బు వేసి, “అందిందా?” అని ఫోన్ చేస్తుంది. ఎక్సెల్‌లో రాసుకుంటాను.

మీ ఊళ్లో ఇల్లు కారుతుంటే, మేస్త్రి కంటే ముందు మీ అత్తయ్యకి ఫోన్ చెయ్యండి.