కదలని తాబేటిపిల్ల

వేసవి సెలవులలో మా విద్యార్థి యొకడు చేనిగట్టున దొరకిన తాబేటిపిల్లను ఇంటికి దెచ్చెను. అది కదలలేదు, మేయలేదు. దప్పికయై యుండునని యింటివారు పాలు పోసి, రాత్రికి నీళ్ళతొట్టిలో విడిచిరి. తెల్లవారుసరికి చచ్చియుండెను. దానిని జంపినది దయయే యని మా యభిప్రాయము. పాలు త్రాగు తాబేలును మే మెన్నడును వినలేదు.

చిప్పపై పసుపుచారలు నక్షత్రములవలె నుండు నీ జాతి మెట్టతాబేలు. కర్నూలు, కడప మండలముల ముండ్లపొదలును గడ్డిబీళ్ళును దీని పుట్టినిల్లు. నీటిలో నీదలేదు, మునిగిపోవును. శీతరక్త జంతువగుటచే దాని యొడలివేడి బయటి వేడిని బట్టి మారును. కావున మండుటెండలలో మేత మాని, పొదమాటున కదలక పడియుండును. తొలకరి పడగనే లేచి గడ్డికై బయలుదేరును. ఆ పిల్లకు గావలసినది మందు కాదు, వాన.

పెంచుకొనవచ్చునా? కూడదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022లో జరిగిన సవరణచే నిది మొదటి షెడ్యూలున జేరినది. ఇంట నుంచుకొనుట నేరము. ఇప్పటికే యున్నచో అటవీశాఖవారి కప్పగింపుడు. అంతవరకు గాలియాడు పెట్టెలో, నీడను, లోతులేని పళ్ళెమున కొంచెము నీటితో నుంచుడు. బాటపై గనబడినదా, అది పోవుచున్న దిక్కునకే దాటించి విడువుడు.