లెక్కకు దొరకని చుక్కలు

కార్తీక పౌర్ణమి సాయంత్రం. కొవ్వూరు గోష్పాద రేవులో నిలబెట్టి, ఆవలి గట్టున రాజమండ్రి పుష్కరాల రేవులో వదులుతున్న దీపాలెన్నో లెక్కపెట్టమన్నారనుకోండి. మధ్యలో రెండున్నర కిలోమీటర్లకు పైగా గోదారి. పక్కపక్కనే తేలే రెండు అరటి దొప్పలు ఒకే దీపంలా కనిపిస్తాయి. నీళ్ల మీద తళుక్కుమన్న వెన్నెల తునక కూడా దీపమేననిపిస్తుంది. లెక్క ముగిశాక ఎవరో వదిలిన దీపం చిట్టాకెక్కదు. చిట్టాకెక్కిన దీపం కాసేపటికే కొండెక్కుతుంది. ఇక పడవ అడ్డొచ్చిన చోట ఎన్ని ఉన్నాయో ఆ గోదారమ్మకే తెలియాలి.

ఆకాశంలో ఎక్స్ కిరణాలు వెదజల్లే చుక్కలకు జాబితా రాసే శాస్త్రవేత్తల అవస్థ అచ్చం ఇలాంటిదే. కాకపోతే వాళ్ల గోదారి వెడల్పు వేల కాంతి సంవత్సరాలు. ఈ జాబితాలను కేటలాగులంటారు. వరుసకో చుక్క. అది ఎక్కడుంది, ఎంత ప్రకాశంగా ఉంది, ఎప్పుడు చూశారు... అన్నీ అందులో ఉంటాయి. ఇప్పుడవి ఇంటర్నెట్‌లో ఉచితం. కాకినాడలోనో అమలాపురంలోనో డిగ్రీ చదివే అమ్మాయి కూడా దించుకుని ప్రాజెక్టు చేసుకోవచ్చు. చిక్కల్లా ఒక్కటే. ఆ వరుసల్లో ఉన్నవన్నీ ఆకాశంలో ఉన్నాయని నమ్మితే ఆర్నెల్ల చదువు నీళ్ల పాలవుతుంది.

అసలు ఈ చుక్కల్ని నేల మీంచి చూడలేం. ఎముక విరిగితే ఆస్పత్రిలో తీసే ఎక్స్‌రే మన ఒంటిని దాటుతుంది గానీ, ఆకాశం నుంచి వచ్చేది భూమి చుట్టూ ఉన్న గాలిని దాటలేదు. అందుకే పైకి వెళ్లాలి. హైదరాబాద్‌కు ఈ పని కొత్తేమీ కాదు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు 1960ల చివర్లోనే అక్కడి నుంచి పెద్ద బెలూన్లకు పరికరాలు కట్టి ఎగరేశారు. అవి సుమారు 40 కిలోమీటర్ల ఎత్తుకు చేరేవి. అంత ఎత్తున కూడా పైన కాస్త గాలి మిగిలే ఉంటుంది. తక్కువ శక్తి ఉన్న కిరణాలను అది మింగేస్తుంది, గట్టివే పరికరం దాకా వస్తాయి. కాబట్టి బెలూనుకు కనబడని చుక్క లేనట్టు కాదు. దాని వెలుగు అక్కడిదాకా దిగలేదంతే.

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌కు ఈ గాలి బెడద లేదు. అది 650 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. మరి దానికీ ఓ పరిమితి ఉంది. అందులోని పెద్ద ఎక్స్‌రే పరికరం ఫొటో తీయదు. నిండు చందమామలు రెండు పక్కపక్కన పట్టేంత ఆకాశం నుంచి వచ్చే కిరణాలను కలిపి లెక్కిస్తుంది. ఆ మేరలో రెండు చుక్కలుంటే రెండిటి వెలుగూ ఒకే ఖాతాలో పడుతుంది. పైగా దాని మూడు పెట్టెల్లో ఒకదానిలో గ్యాసు కారిపోవడంతో 2018 మార్చిలో దాన్ని ఆపేశారు. కారుతున్న రోజుల నాటి లెక్కలు తీసుకునేవాళ్లు ఆ సంగతి తెలుసుకుని తీసుకోవాలి.

జాబితాల కథ మొదలైంది ఉహురుతో. స్వాహిలీ భాషలో ఉహురు అంటే స్వాతంత్ర్యం. 1970 డిసెంబరు 12న, కెన్యా స్వాతంత్ర్య దినం నాడు, ఆ దేశపు తీరానికి దగ్గర్లో సముద్రంలోని వేదిక మీంచి ఎగిరిన అమెరికా ఉపగ్రహమది. 1978లో వచ్చిన దాని నాలుగో కేటలాగులో 339 వరుసలున్నాయి. ఆ ఉపగ్రహం ‘చుక్క ఇదిగో’ అని వేలు పెట్టి చూపలేకపోయేది. ‘ఇదిగో ఈ పెట్టెలో ఎక్కడో ఉంది’ అని మాత్రమే చెప్పేది. దాన్నే ఎర్రర్ బాక్స్ అంటారు. రాజమండ్రిలో ఒక మనిషి అడ్రసు అడిగితే దానవాయిపేట అని చెప్పి ఊరుకున్నట్టు.

ఆ పెట్టె ఎంత ముఖ్యమో హంస మండలం చెబుతుంది. సిగ్నస్ ఎక్స్-1 అనే ఎక్స్‌రే చుక్క ఉన్నది అందులోనే. 1964లో ఒక రాకెట్ దాన్ని మొదట పసిగట్టింది. హైదరాబాద్ బెలూన్లూ చూశాయి. ఉహురు చూస్తే దాని వెలుగు సెకను కంటే తక్కువ వ్యవధిలో మిణుకుమిణుకుమంటోంది. అంత తొందరగా మారాలంటే అది చాలా చిన్న వస్తువై ఉండాలి. అయితే పెట్టెలో మామూలు నక్షత్రాలు బోలెడు. వీటిలో దేని పక్కన ఉందది? తోచింది ఒకటి ఎంచుకుని ఇదే అనేసి ఉంటే కథ తప్పుదారి పట్టేది. 1971లో ఎక్స్ కిరణాలు తగ్గిన రోజుల్లోనే అక్కడ ఓ రేడియో చుక్క కొత్తగా వెలిగింది. నెదర్లాండ్స్, అమెరికా రేడియో టెలిస్కోపులు దాని చోటు కచ్చితంగా చెప్పాయి. అక్కడున్నది హెచ్‌డీఈ 226868 అనే నీలి నక్షత్రం. లూయీ వెబ్‌స్టర్, పాల్ మర్డిన్ ఇంగ్లండ్‌లో, టామ్ బోల్టన్ కెనడాలో దాన్ని గమనించారు. కంటికి కనిపించని దేనితోనో కలిసి అది 5.6 రోజులకో చుట్టు తిరుగుతోంది. ఆ కనిపించనిదే కృష్ణబిలం. 2021 నాటి కొలతల ప్రకారం దాని బరువు 21 సూర్యుళ్ల పెట్టు.

అది కృష్ణబిలం కాదని స్టీఫెన్ హాకింగ్ 1974లో కిప్ థోర్న్‌తో పందెం కాశాడు. 1990లో ఓటమి ఒప్పుకున్నాడు. పందెం ఒక పత్రికకు ఏడాది చందా. ఏ పత్రికో ఆదివారం అనుబంధంలో రాయకపోవడమే మర్యాద!

తర్వాత్తర్వాత పెట్టెలు చిన్నవయ్యాయి, జాబితాలు పెద్దవయ్యాయి. 1990లో వెళ్లిన జర్మన్ ఉపగ్రహం రోసాట్ లెక్కల్ని సరిదిద్ది 2016లో కొత్త కేటలాగు వేశారు. సుమారు 1,35,000 వరుసలు. వాటిలో దాదాపు 30 శాతం ఉత్తుత్తివై ఉండొచ్చని దాన్ని రాసినవాళ్లే రాశారు. ఓటర్ల జాబితాలో తప్పులుంటే చెప్పేది ఓటర్లు. ఇక్కడ రాసినవాళ్లే ముందు చెప్పుకున్నారు, మెచ్చుకోవాలి. మరి ఉత్తుత్తివి ఎందుకు ఉంచారు? జల్లెడ బిగిస్తే దొంగ చుక్కలతో పాటు సన్నగా వెలిగే నిజమైనవీ పోతాయి. గట్టిగా జల్లిస్తే మిగిలేవి సుమారు 71,000. అప్పుడు తప్పులు 5 శాతమే. ఏ జల్లెడ వాడాలన్నది చదివేవాడి అవసరాన్ని బట్టి ఉంటుంది. దానికోసమే ప్రతి వరుసలోనూ ఈ చుక్కను ఎంతవరకు నమ్మొచ్చో చెప్పే అంకె ఒకటి వేశారు. దించుకునేటప్పుడు చాలామంది వదిలేసేదీ ఆ గడినే.

దొంగ చుక్కలు అన్నీ మసకగా ఉంటాయనుకుంటే పొరపాటు. కార్తీక మాసంలో పొద్దుగుంకగానే వాయవ్యంలో తెల్లగా మెరిసే అభిజిత్ నక్షత్రాన్ని చూడండి. రోసాట్‌లోని ఒక కెమెరా దాన్ని ఎక్స్‌రే చుక్కగా పట్టుకుంది. నిజానికి కెమెరాలోకి చొరబడింది ఎక్స్ కిరణాలు కాదు, ఆ నక్షత్రం నుంచి వెల్లువలా వచ్చే అతినీలలోహిత కాంతి. వడపోత పొర దాన్ని పూర్తిగా ఆపలేకపోయింది. ఆ అనుభవం పనికొచ్చింది కూడా. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్ర టెలిస్కోపు ఇప్పుడు అప్పుడప్పుడూ అభిజిత్ వైపు తిరిగి, తన పొర సరిగ్గా ఉందో లేదో సరిచూసుకుంటుంది.

చంద్రకు చూపు చాలా పదును. రెండు దీపాలు ఒకటిగా కలిసిపోయే బాధ దానికి తక్కువ. అయితే అది ఆకాశమంతా ఊడ్చి చూడదు, అడిగిన చోటే చూస్తుంది. అందుకే దాని కేటలాగులో నాలుగు లక్షలకు పైగా చుక్కలున్నా, అది తడిమిన ఆకాశం రెండు శాతం కూడా లేదు.

ఆకాశమంతా చూసిన పరికరమూ ఉంది, ఇరోసిటా. జర్మనీ తయారు చేసింది, రష్యాతో కలిసి 2019లో పంపింది. ఆకాశాన్ని ఇద్దరూ చెరిసగం పంచుకున్నారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలవగానే జర్మనీ దాన్ని నిద్రపుచ్చింది. తన సగంలో మొదటి ఆర్నెల్ల లెక్కను మాత్రం 2024 జనవరి 31న విడుదల చేసింది. సుమారు 9 లక్షల చుక్కలు! అమలాపురం అమ్మాయి ఆ జాబితా దించుకుని అభిజిత్ కోసం, హంసలోని కృష్ణబిలం కోసం వెతికితే ఒక్కటీ తగలదు. ఆ రెండూ ఉన్నది రష్యా వంతుకు వచ్చిన సగంలో.